కంపెనీకి చెప్పలేని రూపాయి

"టీడీఎస్ కట్ చేసిన్రు గద సార్, మళ్ల నేనేం కట్టాలె?"

రిటర్నుల కాలంలో సెంటినరీ కాలనీలో నన్ను ఈ మాట అడిగినాయన గనిలో సర్వేయర్. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, ఒక కునుకు తీసి, పొద్దుగూకినాక క్వార్టర్ ముందు గదిలో లాప్‌టాప్ తెరుస్తాడు. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ పంపే సర్వే కొలతలను డ్రాయింగులుగా గీసి పంపడం ఆయన రెండో పని. 2025-26లో ఆ పనికి మూడు లక్షలు వచ్చాయి. కన్సల్టెన్సీ వాళ్లు పది శాతం, అంటే 30 వేలు పట్టుకుని మిగతాది ఖాతాలో వేశారు. ఆ ముప్పై వేలలో ఎంతోకొంత వెనక్కి వస్తుందన్న ఆశతో ఫారం 16 పట్టుకుని వచ్చాడు. లెక్క తేలేసరికి రావలసిందేమీ లేదు సరికదా, ఎదురు కట్టవలసింది 46,440 రూపాయలుగా కనిపించింది. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కాస్త గుండ్రం చేశాను. లెక్క తీరు మాత్రం అదే.

జీతం, దీపావళి బోనస్, లాభాల వాటా అన్నీ కలిపి ఆయనకు కంపెనీ నుంచి వచ్చింది 12,15,000. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 11,40,000. కొత్త పన్ను విధానం శ్లాబుల ప్రకారం దీనిమీద 54 వేల పన్ను పడాలి. కానీ పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షలు దాటనివారికి 60 వేల దాకా రిబేటు ఉంది కాబట్టి అదంతా మాఫీ. అందుకే కంపెనీ ఏడాదంతా ఒక్క రూపాయి కోయలేదు. ఇక డ్రాయింగుల డబ్బు. ఇంజినీరింగ్ వంటి వృత్తుల వారికి 44ఏడీఏ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. వచ్చిన మొత్తంలో కనీసం సగాన్ని లాభంగా చూపితే చాలు, ఖాతా పుస్తకాలు అడగరు. మూడు లక్షల్లో సగం లక్షన్నర. జీతంతో కలిపితే 12,90,000. గీత దాటింది, రిబేటు పోయింది. నాలుగు లక్షల నుంచి ఎనిమిది దాకా 5 శాతం చొప్పున 20 వేలు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం చొప్పున 40 వేలు, ఆపైన 90 వేల మీద 15 శాతం చొప్పున 13,500. వెరసి 73,500. నాలుగు శాతం సెస్సుతో 76,440.

లక్షన్నర లాభం చూపినందుకు 76 వేల పన్ను. సగానికి సగం. ఏటా ఐదు కోట్లు గడించేవాడికి కూడా కొత్త విధానంలో సర్‌చార్జి, సెస్సు అన్నీ కలుపుకుని అదనపు రూపాయి మీద పడేది 39 పైసలే. మన సర్వేయర్‌కు 51 పైసలు పడింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, 15 లక్షల జీతమున్న ఆయన పై అధికారి అవే డ్రాయింగులు గీసి అదే మూడు లక్షలు తెచ్చుకుంటే అదనంగా పడే పన్ను 23,400 మాత్రమే. పై అధికారి రిబేటు ఎప్పుడో దాటేశాడు కాబట్టి ఆయనకు పోయేదేమీ లేదు. గీతకు సరిగ్గా ఇవతల నిలబడ్డవాడికే ఈ దెబ్బ.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 12 లక్షలు దాటగానే అరవై వేలు మీద పడకుండా 'మార్జినల్ రిలీఫ్' అని ఒక మెత్త వేసింది. దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదన్నది ఆ ఏర్పాటు. వినడానికి బాగానే ఉంది. ఆచరణలో 12 లక్షల తర్వాత సుమారు 70,600 రూపాయల దాకా సంపాదించిందంతా పన్నుకే పోతుంది, పైన సెస్సు. అంటే ఆ మేరకు రూపాయి సంపాదించినవాడు రూపాయి నాలుగు పైసలు కట్టాలి. రాత్రి పదకొండింటి దాకా కళ్లు చించుకుని గీసిన డ్రాయింగుకు ఎదురు డబ్బు ఇచ్చినట్టు!

ఈ గీత దేశమంతటికీ ఒకటే. కానీ బొగ్గుబావుల దగ్గర దాని కిందికి వచ్చి నిలబడేవాళ్లు ఎక్కువ, అదీ ఏ నెలలో వచ్చి నిలబడతారో వాళ్లకే తెలియదు. రామగిరి ఖిల్లాకు దగ్గర్లో, పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో ఉన్న సెంటినరీ కాలనీ పుట్టుకే సింగరేణి బొగ్గుతో ముడిపడింది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలైన తవ్వకాలకు వందేళ్లు నిండిన గుర్తుగా పెట్టిన పేరది. రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని ఉద్యోగులు ఇక్కడి క్వార్టర్లలో ఉంటారు. మంథని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నదీ ఇక్కడే. తండ్రి ఉద్యోగం కొడుక్కు వచ్చే ఊరిలో ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంటే ఏమవుతుంది? బీటెక్ చదివి బదిలీ వర్కర్‌గా మస్టర్ పడే కుర్రాళ్లు తయారవుతారు. వాళ్లకు పగలు బాయి పని, రాత్రి కోడింగో, వీడియో ఎడిటింగో, ఆన్‌లైన్ పాఠాలో. రెండో ఆదాయం ఇక్కడ కొత్త మోజు కాదు, చదువుకూ పనికీ మధ్య అంతరాన్ని పూడ్చుకునే దారి.

మొదటి ఆదాయం తీరు కూడా వేరు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఏప్రిల్‌లోనే తన ఏడాది జీతం ఎంతో చెప్పగలడు. సింగరేణి కార్మికుడు చెప్పలేడు. ఓవర్‌టైం ఎన్ని గంటలు దొరుకుతుందో, ఎన్ని ప్లే డేలు (సెలవురోజు డ్యూటీలు) పడతాయో నెలనెలా మారుతుంది. పెద్ద మొత్తం లాభాల వాటాది. 2023-24 లాభాల్లో 33 శాతం అన్నారు, సగటున మనిషికి 1.90 లక్షలు. 2024-25కు 34 శాతం, సగటున 1.95 లక్షలు. ఆ శాతం ఎంతో తెలిసేది సెప్టెంబరులో, దసరా ముందు. వెనకాలే దీపావళి బోనస్, 2025లో అది 1.03 లక్షలు. వేజ్ బోర్డు ఒప్పందం ఆలస్యమైతే బకాయిలు ఒక్కసారిగా పడతాయి. 11వ వేతన ఒప్పందం తాలూకు 23 నెలల బకాయిలు 2023 సెప్టెంబరులో ఒకే దఫాలో వచ్చాయి, మొత్తం 1,450 కోట్లు. ఆ ఏడు పన్ను చూసి గుండె పట్టుకున్నవాళ్లు ఎందరో. పాత సంవత్సరాలకు చెందిన బకాయిల మీద ఊరట కోరే 10ఈ ఫారం ఒకటి ఉందని, అది రిటర్ను కంటే ముందే వేయాలని వారిలో ఎంతమందికి తెలుసు?

ఈ ఊగిసలాటలో జూన్ 15న ఏడాది పన్నులో 15 శాతం, సెప్టెంబరు 15కల్లా 45 శాతం కట్టు అని అడ్వాన్స్ ట్యాక్స్ నిబంధన చెబుతుంది. లాభాల వాటా ప్రకటనే సెప్టెంబరు చివరికి వస్తే జూన్‌లో దేని మీద అంచనా వేయాలి? అదృష్టవశాత్తూ 44ఏడీఏ కింద, చిన్న వ్యాపారుల కోసం ఉన్న 44ఏడీ కింద లెక్క చూపేవారికి ఆ నాలుగు వాయిదాలు లేవు. మార్చి 15లోగా ఒకేసారి కట్టేస్తే సరిపోతుంది. ఎవరి కోసం రాశారో గానీ, బొగ్గుబావుల ఉద్యోగికి ఈ ఏర్పాటు అతికినట్టు సరిపోయింది. మార్చి నాటికి బోనస్‌లన్నీ వచ్చేసి ఉంటాయి, జీతం చిట్టీలు చేతిలో ఉంటాయి, లెక్క దాదాపు ఖాయం.

అయినా మన సర్వేయర్ మార్చి 15న ఏమీ కట్టలేదు. ఎందుకంటే 'కట్ అయింది' కదా. ఈ రెండు మాటలు బొగ్గుబావుల్లో తరతరాల నమ్మకం. ప్రావిడెంట్ ఫండ్ కట్ అవుతుంది, వృత్తి పన్ను 200 కట్ అవుతుంది, సొసైటీ బాకీ కట్ అవుతుంది, ఆదాయపు పన్నూ కట్ అవుతుంది. చిట్టీ మీద ఒకసారి కోత కనిపించిందంటే ఆ బాధ్యత తీరినట్టే. జీతం విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిజం, ఎందుకంటే కంపెనీ కోసేది మొత్తం జీతాన్ని లెక్కగట్టి, శ్లాబుల ప్రకారం. బయటి పని ఇచ్చినవాడు అలా కోయడు. నీకు ఇంకో ఉద్యోగం ఉందా లేదా అన్నది అతనికి అక్కర్లేదు. వృత్తి సేవలకైతే 10 శాతం, కాంట్రాక్టు పనైతే మనిషికి 1 శాతం, బీమా కమిషనైతే 2 శాతం. చట్టం చెప్పిన ఆ వంతు తీసి పాన్ నంబరు మీద జమ చేసి చేతులు దులుపుకుంటాడు. అది బయానా, పూర్తి ధర కాదు. పైగా 2025 ఏప్రిల్ నుంచి వృత్తి సేవల మీద ఏడాదికి 50 వేలు దాటితేనే ఆ పది శాతమూ. నలుగురి దగ్గర నలభై వేల చొప్పున పని చేసినవాడికి ఒక్క రూపాయీ కోత పడదు. కోత లేదంటే పన్ను లేదనుకునే వాళ్లూ ఉన్నారు.

ఒకప్పుడు ఈ పొరపాటు ఎవరి కంటా పడేది కాదు. 2021 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ తెచ్చిన వార్షిక సమాచార నివేదిక, అందరూ ఏఐఎస్ అనేది, ఆ ధీమా తీసేసింది. బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకం, కన్సల్టెన్సీ ఫీజు, కమిషన్, అన్నీ పాన్ నంబరు వెంట ఒకే కాగితం మీదికి చేరుతున్నాయి. మనం చెప్పకపోయినా అది చెబుతుంది.

మరి ఆయన ఈ సంగతి కంపెనీకే చెప్పి ఉంటే? చట్టంలో ఆ దారి ఉంది. 2025-26 దాకా నడిచిన చట్టంలోని 192(2బి) సబ్‌సెక్షన్ ప్రకారం ఉద్యోగి తన ఇతర ఆదాయాన్ని యజమానికి తెలియజేస్తే, దాన్నీ కలిపి జీతంలోంచే నెలనెలా పన్ను కోయవచ్చు. 2024 అక్టోబరు నుంచి అందుకు 12బీఏఏ అనే ఫారం కూడా వచ్చింది. బయట కోసిన టీడీఎస్‌ను కూడా అందులో చూపి సర్దుబాటు చేయించుకోవచ్చు. అడ్వాన్స్ ట్యాక్స్ తేదీలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వడ్డీ పడదు, జూలైలో గుండె ఝల్లుమనదు. జీతం తీసుకునేవాడికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఈ మాట చెబితే సర్వేయర్ నా ముఖంలోకి చూసి నవ్వాడు. "గా ఫారం ఇచ్చుడు, రెండో పని చేస్తున్నా అని జీఎం ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకునుడు, రెండూ ఒకటే సార్."

చిక్కుముడి ఉన్నది ఇక్కడే. ప్రభుత్వ రంగ సంస్థల ప్రవర్తనా నియమాలు సాధారణంగా ముందస్తు అనుమతి లేకుండా బయటి ఉద్యోగం, వ్యాపారం కూడదంటాయి. అనుమతి అడిగితే ఎవరు ఇస్తారో, ఎన్నాళ్లకు ఇస్తారో, ఇవ్వకపోతే అడిగినందుకు ఎవరి కంట్లో పడతామో అన్న భయం. అందుకని అడగరు, అడగనందుకు దాస్తారు, దాచినందుకు పన్ను విషయంలో అన్నిటికంటే తేలికైన దారి మూసుకుపోతుంది. పన్ను చట్టం ఉద్యోగిని నమ్మి 'మీ యజమానితో చెప్పుకోండి' అంటోంది. చెప్పుకోగల స్థితిలో ఉద్యోగి ఉన్నాడా అని అడగలేదు. రెండు చట్టాలు ఒకదాని ముఖం ఒకటి చూడకుండా రాసుకున్నవి.

ఈ గొడవ సింగరేణిది మాత్రమే కాదు. 2022 సెప్టెంబరులో పోటీ కంపెనీలకు పని చేస్తున్నారంటూ విప్రో 300 మందిని తీసేసినప్పుడు 'మూన్‌లైటింగ్' అన్న మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది. అదే నెలలో జోడు ఉద్యోగాలు కూడదని ఉద్యోగులను హెచ్చరించిన ఇన్ఫోసిస్, అక్టోబరు వచ్చేసరికి పై అధికారి అనుమతితో, కంపెనీకి పోటీ కాని చిన్న పనులు చేసుకోవచ్చని సడలించింది. ప్రైవేటు కంపెనీ రెండు నెలలు తిరక్కుండా ఒక దారి చూపగలిగింది.

గనుల్లో అభ్యంతరం నిజానికి పోటీ గురించి కాదు. సర్వేయర్ గీసే ఇళ్ల స్థలాల డ్రాయింగులతో సింగరేణి బొగ్గు అమ్మకాలకు వచ్చే నష్టమేమీ లేదు. అభ్యంతరం నిద్ర గురించి. 1952 గనుల చట్టం ఒక మాట స్పష్టంగా అంది: గత పన్నెండు గంటల్లో వేరే గనిలో పని చేసి వచ్చిన మనిషిని ఇంకో గనిలో పనికి దించకూడదు. అలసిన మనిషి భూగర్భంలో తనకే కాదు, పక్కవాడికీ ప్రమాదం. అది రాసినవాళ్ల మనసులో ఉన్నది గని నుంచి గనికి పోయే కూలీ. లాప్‌టాప్ ముందు రెండింటి దాకా మేలుకుని ఉదయం ఏడింటికి మస్టర్ పడే కుర్రాడు వాళ్ల ఊహలో లేడు. కానీ వాళ్ల భయం మాత్రం ఇతని విషయంలోనూ అంతే నిజం. కాబట్టి 'నా డ్యూటీ అయ్యాక నా ఇష్టం' అనే వాదనను గని దగ్గర నేను పూర్తిగా ఒప్పుకోను. డంపర్ నడిపేవాడికి, బ్లాస్టింగ్ చేసేవాడికి రాత్రి పని వద్దనడంలో అర్థం ఉంది. వారానికి ఎన్ని గంటలు, ఏ షిఫ్టు ముందు కూడదు, ఏయే పనులకు కేవలం తెలియజేస్తే చాలు, ఏయే పనులకు అనుమతి కావాలి అన్నది ఒక్క పేజీలో రాసి నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. అలా పెట్టిన రోజున ఇతర ఆదాయం తెలిపే ఫారం ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

అప్పటిదాకా ఉద్యోగి చేయగలిగిందేమిటి? తన చలానా తాను కట్టుకోవడం. రిటర్నులో చూపిన రెండో ఆదాయాన్ని పన్ను శాఖ మామూలుగా కంపెనీకి పంపదు. ఏఐఎస్ కూడా పాన్ ఉన్న మనిషి లాగిన్‌లో కనిపించేదే. కంపెనీ అనుమతి సంగతి కంపెనీతో, పన్ను సంగతి పన్ను శాఖతో. ఒకదానికి భయపడి రెండోదాన్ని ఎగ్గొడితే రెండు తప్పులవుతాయి. ఇదే మాట సర్వేయర్‌తో కాస్త గట్టిగానే అన్నాను.

రెండో ఆదాయం అందరిదీ డ్రాయింగుల్లా శుభ్రంగా ఉండదు. కాలనీల్లో అన్నిటికంటే పాత రెండో పని బీమా ఏజెన్సీ. భర్త సింగరేణిలో, ఏజెన్సీ భార్య పేరు మీద, షిఫ్టు మారే వేళ గని గేటు దగ్గర పాలసీలు రాయించేది మాత్రం భర్త. నిజంగా పని చేసినవారిదే ఆదాయం అన్నది పన్ను చట్టం మూలసూత్రం. ఆమె స్వయంగా తిరిగి రాయిస్తే ఆమెదే, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పేరు మాత్రమే ఆమెదైతే ఏదో ఒక రోజు ప్రశ్న రాక తప్పదు. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. కమిషన్, దళారీ ఆదాయాలకు 44ఏడీ వర్తించదు. కిరాణా కొట్టువాడు డిజిటల్ అమ్మకాల మీద ఆరు శాతం, నగదు మీద ఎనిమిది శాతం లాభం చూపి ఊరుకోవచ్చు. బీమా ఏజెంటు ఖర్చుల లెక్క రాసుకోవాలి, పెద్ద ఫారం, ఐటీఆర్-3 వేయాలి. లెక్కలు రాయని చిన్న ఏజెంట్ల కోసం 1990ల తొలినాళ్లలో వచ్చిన సర్క్యులర్లున్నాయి. కమిషన్ ఏడాదికి 60 వేల లోపు ఉంటే గంపగుత్తగా కొంత ఖర్చు చూపుకోవచ్చు, అదీ 20 వేలకు మించకుండా. అప్పుడు పెట్రోలు ధర ఎంత, ఇప్పుడెంత? ఆ 60 వేలూ, 20 వేలూ మాత్రం అక్కడే ఉన్నాయి.

వడ్డీకి తిప్పే డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తోటి కార్మికుడికే ఇచ్చే అప్పులు గోదావరిఖని నుంచి మంథని దాకా మామూలే. లాభాల వాటా పడ్డ వారంలో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పారే నోట్లలో సగం పాత వడ్డీలేనంటే అతిశయోక్తి అనిపించవచ్చు, కానీ ఆ వారం ఏటీఎం దగ్గర నిలబడి చూడండి. ఫోన్‌పేలో వచ్చిన ప్రతి వడ్డీ రూపాయీ ఆదాయమే. అది వృత్తి ఆదాయం కాదు, 'ఇతర ఆదాయం'. దానికి సగం మినహాయింపు లేదు.

యూట్యూబ్ సంగతి మరోలా ఉంది. పక్కనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' పేరు తెచ్చుకున్నాక, ఆ షోలోని గంగవ్వ టీవీలో కనిపించాక, ఈ ప్రాంతంలో ఫోను ఉన్న ప్రతి కుర్రాడికీ ఒక చానల్ ఉంది. చాలామందికి దానినుంచి వచ్చేది టీ ఖర్చులకు కూడా చాలదు. ఎవరికైనా నిలకడగా డాలర్లు రావడం మొదలైతే ఒక్కటి చూసుకోవాలి. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీద 2021 నుంచి అక్కడి పన్ను కోస్తున్నారు. భారతీయుడినని ఫారం నింపి చెప్పుకుంటే ఒప్పందం ప్రకారం 15 శాతం, చెప్పకపోతే ఎక్కువ. ఆ కోసింది ఇక్కడి పన్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అడిగితేనే. జీఎస్‌టీ బెంగ మాత్రం అనవసరం. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ జోలికి పోనక్కర్లేదు.

ఎవరూ ముందు చెప్పని ఇంకో ఉచ్చు ఉంది. జీతం మాత్రమే ఉన్నవాడు పాత విధానం, కొత్త విధానం రెంట్లో ఏది లాభమో ఏటా చూసుకుని ఎంచుకోవచ్చు. ఒక్కసారి వృత్తి ఆదాయం కలిసిందా, ఆ స్వేచ్ఛ పోతుంది. పాత విధానం కావాలంటే 10-ఐఈఏ ఫారం వేసి వెళ్లాలి, తిరిగి కొత్తదానికి ఒక్కసారే రావచ్చు. వృత్తి ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి పోనివ్వరు. గోదావరిఖనిలో ఇల్లు కట్టి గృహరుణం వడ్డీ మీద ఆశ పెట్టుకున్నవాడు పది వేల ట్యూషన్ ఫీజు కోసం ఈ గేటు దాటుతాడు, దాటినట్టు కూడా తెలియదు.

తెలియని చోట తెలిసినట్టు కనిపించేవాడు మొలుస్తాడు. 'ఎంత కట్ అయినా రీఫండ్ తెప్పిస్తా, వచ్చినదాంట్లో నాకింత' అనే ఏజెంట్లను బొగ్గుబావుల్లో చూడనివారు లేరు. లేని ఇంటద్దె, కట్టని బీమా ప్రీమియం, పేరు తెలియని పార్టీకి విరాళం రాసి పడేస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల ఇలాంటి దొంగ మినహాయింపుల మీద తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో హెచ్చరికలు అందుకున్న సుమారు 40 వేల మంది రిటర్నులు సవరించి 1,045 కోట్ల క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే చెప్పింది. దొరికిపోయినప్పుడు ఏజెంటు ఫోను స్విచాఫ్ వస్తుంది. నోటీసు వచ్చేది పాన్ ఉన్నవాడికి.

మరి సంఘాలు? సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 2023 డిసెంబరు 27న జరిగాయి. అంతకు ముందూ, ఆ తర్వాతా, ఏ జెండా పట్టుకున్నవారైనా గేట్ మీటింగులో చెప్పే మాటల్లో ఆదాయపు పన్ను మాఫీ ఒకటి. సరిహద్దులో సైనికుడిలా బొగ్గు గనిలో కార్మికుడు అన్న పోలికతో చప్పట్లు పడతాయి. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోది. సింగరేణిలో 51 శాతం వాటా ఉన్న రాష్ట్రం తలచుకున్నా మాఫీ చేయలేదు. అధికారులకు ఇచ్చినట్టే అలవెన్సుల మీద పన్నును యాజమాన్యమే భరించాలన్న డిమాండు వేరు. అది బేరమాడదగ్గది, ఆడాల్సిందే. కానీ మాఫీ నినాదం చాటున నిజంగా అడగవలసినవి అడుగునపడుతున్నాయి. పన్నెండు లక్షల దగ్గర గోడలా కాక వాలులా రిబేటు తగ్గాలని ఢిల్లీని అడగాలి. పదహారు లక్షల దాకా మెల్లగా తగ్గిస్తే ఎవరి రూపాయికీ రూపాయి నాలుగు పైసలు పడవు. రెండో పని మీద ఒక పేజీ నిబంధన కావాలని కొత్తగూడెంలోని సింగరేణి యాజమాన్యాన్ని అడగాలి. మూడోది ఎవరినీ అడగక్కర్లేదు. మార్చి మొదటి వారంలో సంఘం ఆఫీసులో ఒక బల్ల, ఒక కంప్యూటర్, లెక్క తెలిసిన ఒక మనిషి. పిట్ సెక్రటరీలు బదిలీల కోసం తిరిగే తిరుగుడులో పదో వంతు చాలు.

సర్వేయర్ దగ్గరికే తిరిగి వస్తాను. 46,440 మీద ఏప్రిల్ నుంచి జూలై దాకా నెలకు ఒక శాతం చొప్పున 1,856, మార్చి 15న కట్టనందుకు 464, మొత్తం 48,760. వడ్డీ పెద్దదేం కాదు. దెబ్బ వడ్డీలో లేదు, ఆ డబ్బు ఎప్పుడో కూతురి హాస్టల్ ఫీజుకు పోయింది. ఫోన్‌లోనే చలానా తెరిచాడు. సంవత్సరం దగ్గర ఆగిపోయాడు. 2025-26లో సంపాదించిన డబ్బుకు పాత చట్టం ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. ఇక మీదట సంపాదించే ఏడునే 'ట్యాక్స్ ఇయర్' అంటారు కాబట్టి అప్పుడు నడుస్తున్న ఏడాది పేరూ 2026-27. అంకె ఒకటే, ఏళ్లు రెండు. తప్పు చోట నొక్కితే కట్టిన డబ్బు నడుస్తున్న ఏడాదికి అడ్వాన్సుగా పోయి కూర్చుంటుంది, పాత బాకీ అలాగే ఉంటుంది. రెండుసార్లు చదివించాను. అసెస్‌మెంట్ ఇయరే ఎంచుకున్నాడు, సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ అన్నచోట నొక్కాడు, డబ్బు కట్ అయింది.

రసీదు ఫోన్‌లోకి వచ్చాక ఒకసారి తలుపు వైపు చూశాడు.

"ఇది కంపెనీకి పోదు గద సార్?"

పోదన్నాను. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అడిగాడు.